మా ఆయన బండి హెడ్‌లైటు

మా ఆయనకి చూపు తగ్గింది. ఈ ఒక్క ముక్క ఆయన నోట పలికించడానికి ఒక హాలోజన్ బల్బు, ఒక ఎల్ఈడీ లైటు, తిరగచుట్టిన కాయిలు, పెద్ద బ్యాటరీ, నా కుడి మోకాలిచిప్ప ఖర్చయ్యాయి. అసలు సంగతి మొదట్లోనే చెప్పేశానని నొచ్చుకోకండి. దాచిపెట్టి ఇంటర్వెల్ దాకా లాగడం ఫిల్మ్ నగర్‌లో అందరికీ వచ్చు, నాకు రాదు.

ఆయన సినిమాల్లో ఫోకస్ పుల్లర్. అంటే ఏం పని అని మా పుట్టింటివాళ్ళు ఇప్పటికీ అడుగుతారు. హీరో గుమ్మంలోంచి నడుచుకుంటూ కెమెరా ముందుకొస్తాడు కదా, వచ్చినంతసేపూ మొహం స్పష్టంగా కనబడాలంటే లెన్సుని అడుగడుక్కీ సర్దుతూ ఉండాలి. పక్కనే నిలబడి చిన్న చక్రం తిప్పుతూ ఆ పని చేసేది మా ఆయన. వేలెడు తేడా వచ్చిందంటే హీరోగారి చెవి చక్కగా పడుతుంది, కళ్ళు మసకబారతాయి. హీరో చెవి చూడ్డానికి ఎవరూ టికెట్ కొనరు. కాలు విరిగినా కుర్చీ వేయించుకుని చేసుకోవచ్చు ఆ ఉద్యోగం. కళ్ళు పోయాయన్న మాట ఒకసారి బయటికొచ్చిందంటే మాత్రం ఇంక పిలిచేవాడుండడు. మా వైపు మాట బయటికి రావడానికి ఒక టీ తాగినంతసేపు చాలు.

నేను సీరియళ్ళకి బట్టలు కుడతాను. అత్తగారి పాత్రలకి జాకెట్లు, కోడళ్ళకి లంగాఓణీలు, దేవుళ్ళకి పంచెలు. కుట్టేదీ ఫిల్మ్ నగర్‌లోనే. మేం ఉండేది వెంగళరావు నగర్‌లో. కాబట్టి తెల్లవారకముందే ఇద్దరం ఒకే బండెక్కి యూసుఫ్‌గూడ మీదుగా చెక్‌పోస్ట్ దాకా వెళ్ళి, అక్కణ్ణుంచి జూబ్లీహిల్స్ ఎత్తుపల్లాలన్నీ దాటుకుంటూ పనికి చేరేవాళ్ళం. బండి మా పెళ్ళికి ముందు కొన్నది. ఆయన దాన్ని తుడిచినట్టు నన్నెప్పుడూ చూసుకున్న పాపాన పోలేదు.

సెట్లో ఒక మర్యాద ఉంది. అక్కడ తప్పు ఎప్పుడూ మనిషిది కాదు, లైటుది. హీరోయిన్‌కి మొటిమ కనబడితే లైటు సరిగ్గా లేదు. హీరోకి ఏడుపు రాకపోతే లైటింగ్‌లో మూడ్ లేదు. డైలాగు మరిచిపోయిన పెద్దాయన కూడా కళ్ళు చికిలించి, "ఆ లైటు కళ్ళల్లో కొడుతోందయ్యా" అంటాడు. అందరూ పైకి చూస్తారు, లైట్‌బాయ్ ఎక్కి ఏదో కదుపుతాడు, ఎవరి పరువూ పోకుండా రెండో టేక్ అవుతుంది. బాగానే ఉంది. కానీ ఆ మర్యాదని మా ఆయన ఇంటికి కూడా పట్టుకొచ్చాడు. టీ గ్లాసులో కాకుండా గట్టు మీద పోస్తే ట్యూబులైటు చెడిపోయిందన్నాడు. కందిపప్పులో రాళ్ళు ఏరకుండా వదిలేస్తే వంటింటికి కిటికీ చిన్నదన్నాడు. ఆడలేక మద్దెల ఓడంటే ఇదేనని చెప్పాను. మద్దెల సంగతి తర్వాత, ముందు బల్బు మార్పించు అన్నాడు.

దసరాకి కెమెరాకి పూజ చేసినట్టే బండికీ పసుపు రాసి, నిమ్మకాయ తొక్కించి, ఆ వెంటనే ప్రకటించాడు: "దీని హెడ్‌లైటు పూర్తిగా దిగిపోయింది. దారి కనబడ్డం లేదు."

నాకు దారి శుభ్రంగా కనబడుతోంది, వెనక సీటులోంచి, ఆయన భుజం మీదుగా. ఆ మాటే అన్నాను. "నీకేం తెలుసు" అన్నాడు. రోజంతా సూదిలో దారం ఎక్కించుకుని బతికేదాన్ని, నాకేం తెలుసు మరి.

రహమత్ నగర్‌లో బండ్ల కరెంటు పని చేసేవాడు ఒకతను ఉన్నాడు. నా తమ్ముడి వయసు, ఎప్పుడూ నోట్లో ఒక వైరు ముక్క. మా ఆయన వెళ్ళి లైటు చాల్లేదనగానే ఆ అబ్బాయి మొహం విప్పారింది. చాల్లేదనేవాళ్ళ మీదే కదా ఆ కొట్టు నడిచేది.

"ఫికర్ చెయ్యకు సార్. హాలోజన్ బల్బు ఏస్త. పగటి లెక్క కొడ్తది" అన్నాడు.

వేశాడు. నాలుగు రోజులు మా ఆయన మొహం కూడా పగటిలాగే ఉంది. తర్వాత ఒకనాడు చెక్‌పోస్ట్ సిగ్నల్ దగ్గర హ్యాండిల్ దగ్గరున్న స్విచ్చు కాలి వాసనొచ్చింది. పాత వైర్లు సన్నవట, ఆ బల్బు లాక్కునే కరెంటుని మోయలేకపోయాయట. మళ్ళీ రహమత్ నగర్. ఈసారి రిలే అని అగ్గిపెట్టెంత డబ్బా ఒకటి పెట్టి, బ్యాటరీ నుంచి లైటుకి లావుపాటి వైరు నేరుగా లాగాడు. ఇప్పుడు స్విచ్చు చల్లగా ఉంది, లైటు తెల్లగా ఉంది, బ్యాటరీ మాత్రం చచ్చిపోయింది. సిగ్నల్లో బండి ఆగితే లైటు ఎర్రబడేది, హారన్ కొడితే ముసలాయన దగ్గులాంటి చప్పుడొచ్చేది.

"సార్, గిట్ల ఐతది మరి. ఇంజను ఇచ్చే కరెంటు తక్కువ, మీ లైటు తాగేది ఎక్కువ" అన్నాడు ఆ అబ్బాయి. "గండ్ల కూడ సగమే బ్యాటరీకి పోతున్నది, సగం ఉత్తగనే పోతున్నది. ఇంజన్ల కరెంటు పుట్టే కాయిల్ విప్పి లావు వైరుతోని మళ్ల చుడ్త. రెక్టిఫైర్ మారుస్త. రెండు సగాలు బ్యాటరీకే పోతయ్."

నేను అక్కడే స్టూలు మీద కూర్చుని ఉన్నాను. "బాబూ, ముందు ఆయన కళ్ళకేమైనా చుట్టగలవేమో చూడు" అన్నాను.

"అక్క మస్తు జోకులేస్తది సార్" అని అతను నవ్వాడు. మా ఆయన నవ్వలేదు. ఆ మాట మూడో మనిషి ముందు అన్నందుకని నాకు తెలుసు. అతనికి ఫోకస్ పుల్లర్ అంటే ఎవరో కూడా తెలీదు, అయినా సరే.

కాయిలు చుట్టడం అయింది. పెద్ద బ్యాటరీ వచ్చింది. అది పాత పెట్టెలో పట్టక పక్క మూత సగం తెరుచుకుని ఉండిపోయింది. ఇంత కరెంటు వస్తుంటే పాత బల్బు ఎందుకని ఎల్ఈడీ లైటు బిగించారు. ఇక చూడాలి మా వైభవం. తెల్లవారుజామున మేం వస్తుంటే ఎదురొచ్చే ఆటోవాళ్ళు మా ఇంటిపేరు తెలీకుండానే వంశమంతటినీ తలుచుకునేవాళ్ళు. కృష్ణానగర్‌లో కుక్కలు లేచి నిలబడేవి. ఒకసారి ఫిల్మ్ నగర్ మలుపులో పెద్ద కారొకటి గౌరవంగా పక్కకి తప్పుకుంది, ఎవరో హీరోగారి కాన్వాయ్ అనుకుని కాబోలు. ఆ లైటు వెనకున్నది మేమని తెలిస్తే ఏడ్చేవాళ్ళు.

ఇంత వెలుగులోనూ నేను ఆయన చెవిలో చెబుతూనే ఉన్నాను. "స్పీడ్ బ్రేకర్. ఎడమపక్క గేదె. ఆగండి, ఎర్రలైటు." తెలుసులే అనేవాడు. అని, బ్రేకర్ దాటాక బ్రేకు వేసేవాడు.

ఇంట్లో కూచోబెట్టి చిలక్కి చెప్పినట్టు చెప్పాను. కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్దామండీ, ఊరికే చూపించుకొద్దాం, ఎవరికీ తెలియనివ్వను అన్నాను. సూది ఇచ్చి దారం ఎక్కించమన్నాను. కాసేపు కుస్తీపట్టి, నీ సూదికి రంధ్రం లేదన్నాడు.

అదే సమయంలో సెట్లో ఇంకో చిత్రం జరుగుతోంది. రోజూ వచ్చి తన కెమెరామెన్ గారి గురించి చెప్పేవాడు. మా పెళ్ళికి ముందునుంచీ మా ఆయన వారి దగ్గరే పనిచేస్తున్నాడు. నీడలతో, మసక వెలుతుర్లతో బొమ్మలు తీస్తారని ఆ కెమెరామెన్ గారికి పేరు. అలాంటి మనిషి ఈమధ్య సెట్టంతా లైట్లతో నింపేస్తున్నారట. "ఒకప్పుడు ఒక్క దీపం పెట్టి సీనంతా తీసిన మనిషి. ఇప్పుడు వెనక గోడ మీద పెచ్చులు కూడా కనబడాలంటున్నారు. వయసైపోయింది కదా, పాపం, చూపు తగ్గినట్టుంది" అన్నాడు మా ఆయన అన్నం కలుపుతూ. కూరనుకుని పచ్చడి కలుపుకుంటున్నాడు అప్పుడు. గుడ్డొచ్చి పిల్లని వెక్కిరించిందని నేను అనలేదు, తినేటప్పుడు ఎందుకులే అని.

ఆ సంక్రాంతి దాటిన కొత్తలో, సాయంత్రం చీకటి పడుతుండగా ఇద్దరం పనినుంచి వస్తున్నాం. ఫిల్మ్ నగర్‌నుంచి పైకెక్కే దారిలో పైపులకని తవ్వి పక్కన ఇసుక పోశారు. చుట్టూ ఎర్ర డబ్బాలు నిలబెట్టారు. మా హెడ్‌లైటు ఆ ఇసుకకుప్పని పెళ్ళికొడుకు మీద ఫోకస్ కొట్టినట్టు కొట్టింది. ప్రతి రేణువూ లెక్కపెట్టొచ్చు. "ఇసుక" అన్నాను. "కనబడుతోందిలే" అన్నాడు. అని, నేరుగా తీసుకెళ్ళి అందులో దించాడు.

ఇసుక కాబట్టి ఆయనకేం కాలేదు. నా మోకాలు మాత్రం ఎర్ర డబ్బాకి తగిలింది. బండి పక్కకి పడి కూడా లైటు వెలుగుతూనే ఉంది, కాయిలు అంత బాగా చుట్టాడు ఆ అబ్బాయి. వెనక కారతను ఆపి దిగి, మమ్మల్ని లేపి, బండినీ నిలబెట్టి, చివరికి ఉండబట్టలేక అడిగాడు. "ఏందన్నా, గంత లైటు పెట్టుకొని గింత కుప్ప కనవడలేదా?"

మా ఆయన ఒంటిమీద ఇసుక దులుపుకోకుండా అలాగే నిలబడ్డాడు. లైటు ఎదురు కొట్టిందంటాడనుకున్నాను. అదీ సిద్ధంగానే ఉండి ఉంటుంది నోట్లో.

"కనబడలేదు. నాకు కనబడ్డం లేదు" అన్నాడు.

అతను వెళ్ళిపోయాక నా చెయ్యి పట్టుకుని, "ఎవరికీ చెప్పకే" అన్నాడు. తిడదామనుకున్నదాన్ని, ఆయన భుజాల మీది ఇసుక దులిపాను. చాలా భయపడుతున్నాడు. ఆ పని తప్ప ఇంకో పని రాదు ఆయనకి, రాకపోగా ఇంకో పని చేసే మనిషిగా తనని తను ఊహించుకోలేడు.

మర్నాడు డాక్టరు చూసి రెండు కళ్ళలోనూ శుక్లాలు బాగా ముదిరాయన్నాడు. ఆపరేషన్ చేస్తే చూపు వస్తుంది, ముందు ఒక కన్ను, తర్వాత రెండోది, అంతా కుదుటపడేసరికి నెలన్నర. బండికి చేయించిన వైద్యం గురించి నేనే చెప్పాను. డాక్టరు నవ్వాపుకుని, శుక్లం ఉన్న కంట్లో వెలుగు చెదిరిపోతుందమ్మా, లైటు పెంచినకొద్దీ మసక పెరుగుతుంది అన్నాడు. అంటే ఆ కొట్టు చుట్టూ మేం తిరిగిందంతా మంట ఆర్పడానికి నెయ్యి పోసినట్టే.

ఆపరేషన్ ఒప్పుకున్నాడు. సెలవుకి కారణం ఏం చెప్పాలన్నదే తేలలేదు. ఊళ్ళో పెళ్ళంటే ఎవరిదంటారు. కామెర్లంటే ఫిల్మ్ నగర్‌లో ప్రతివాడూ ఒక ఆకుపసరు పట్టుకొస్తాడు. తిరుపతి అంటే లడ్డూ అడుగుతారు, గుండు ఏదంటారు. నల్లకళ్ళద్దాల గురించి మాత్రం దిగులు లేదు. మా వైపు చీకట్లో కూడా నల్లద్దాలు తియ్యనివాళ్ళు కావలసినంతమంది. ఆఖరికి తిరుపతే ఖాయం చేసి, లడ్డూలు చిక్కడపల్లిలో ఎక్కడ దొరుకుతాయో వాకబు చేయమని నాకు చెప్పాడు.

నాకు ఒళ్ళు మండింది. ఆయన సెలవు పెట్టి పడుకుంటే ఆ చక్రం ఇంకొకడి చేతికి వెళ్తుంది. తిరుపతికని వెళ్ళినవాడు నెలన్నర రాకపోతే ఆ ఇంకొకడే ఉండిపోతాడు. అందుకని ఆయనకి చెప్పకుండా కెమెరామెన్ గారింటికి వెళ్ళాను, జూబ్లీహిల్స్‌కి. షూటింగ్ లేని రోజు, పొద్దున్నే. ఎలా మొదలుపెట్టాలో దారంతా అనుకుంటూ వెళ్ళాను. కాళ్ళయినా పట్టుకుందామనుకున్నాను, అబద్ధమెందుకు.

"సార్, ఆయన ఒక నెలన్నర..." అన్నాను.

"కళ్ళా అమ్మా?" అన్నారు.

తలూపాను. ఆయనే లోపలికి కేకేసి కాఫీ తెప్పించారు.

"కిందటి వేసవిలో ఒక షాట్ మసకొచ్చింది. వాడి చేతిలో మసక రావడం నేనెప్పుడూ చూళ్ళేదు. మర్నాడు ఇంకోటి వచ్చింది. తెలిసిపోయింది."

"మరి పని మానమనలేదేం సార్?"

ఆయన కప్పు పక్కన పెట్టి, బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టి చూపించారు. లెన్సుకి ఒక నోరుంటుందట. అది బాగా తెరిస్తే ఒక్క మొహమే స్పష్టంగా పడుతుంది, ఫోకస్ వెంట్రుకవాసి తప్పినా పోతుంది. చిన్నది చేస్తే దగ్గరిదీ దూరందీ అన్నీ స్పష్టంగా పడతాయి. ఫోకస్ తిప్పేవాడు అటూ ఇటూ అయినా బొమ్మ చెడదు. కాకపోతే నోరు మూసినకొద్దీ సెట్లో వెలుగు పెంచాలి. "అందుకని పెంచాను. మేనేజరు నా ప్రాణం తీస్తున్నాడు, జనరేటర్ చాలడంలేదు, ఇంకా పెద్దది తెప్పించాల్సొచ్చిందని. నా పనిలో నీడలు పోయాయని డైరెక్టరు గొణుగుతున్నాడు. ఏం చేస్తాం" అన్నారు.

అంటే సినిమా సెట్లోనూ కాయిలు చుట్టించారన్నమాట. "నోరు తెరిచి అడగొచ్చు కదా సార్" అన్నాను. కోపంగానే అన్నాను, ఆయన ఎంత పెద్దమనిషైనా.

"అడిగితే లేదంటాడమ్మా. లేదన్నాక నా మొహం చూడలేక మానేస్తాడు. ఆపరేషన్ చేయించు. వచ్చేదాకా ఆ చక్రం నేనే తిప్పుకుంటాను, ఎవణ్ణీ పెట్టను. వాడికి మాత్రం ఇదంతా చెప్పకు."

ఆయనకి దణ్ణం పెట్టాను. కాళ్ళకి దణ్ణం పెట్టబోతే మోకాలు వంగలేదు.

ఆపరేషన్లు రెండూ అయ్యాయి. చూపు కుదిరేసరికి డాక్టరు చెప్పినన్నాళ్ళూ పట్టింది. మా ఆయన లోకాన్ని కొత్తగా చూడ్డం మొదలుపెట్టాడు. ఆకులకి అంచులున్నాయన్నాడు. నా జుట్టు ఎప్పుడు నెరిసిందన్నాడు. నీ కళ్ళు మూసుకుని ఉన్నప్పుడు అన్నాను.

పనికి వెళ్ళిన మొదటిరోజు సాయంత్రం నేనే ముందొచ్చి గుమ్మంలో నిలబడ్డాను. ఆయనొచ్చి చెప్పులు విప్పకుండానే మెట్టు మీద కూలబడ్డాడు.

"ఇవాళ సెట్లో సగం లైట్లు ఆర్పించేశారు" అన్నాడు.

హీరో చీకటి గదిలోంచి నడుచుకుంటూ కెమెరా దగ్గరికి రావాలట. కెమెరామెన్ గారు ఒక్కొక్క లైటే తీసెయ్యమన్నారట. అదీ తియ్యి, ఇదీ తియ్యి అంటూ ఆఖరికి ఒక్కటి మిగిల్చి, లెన్సు నోరు పూర్తిగా తెరవమన్నారట. లైట్‌మెన్ మేస్త్రి భయపడి, సార్ ఫోకస్ నిలవదేమో అంటే, "వాడున్నాడుగా" అన్నారట. అంతే అన్నారట. షాట్ మొదటి టేకే ఓకే అయింది. ఇది చెబుతూ మా ఆయన ఏడ్చాడు. మగవాడు మెట్టు మీద కూర్చుని ఏడుస్తుంటే వీధిలో అందరూ చూస్తారన్న ధ్యాస కూడా లేదు.

నాకింక నోరు ఆగలేదు. కెమెరామెన్ గారు చెప్పొద్దన్నారన్నది పక్కనపెట్టి మొత్తం చెప్పేశాను. వేసవి నాటి షాట్, మూసిన లెన్సు, పెద్ద జనరేటర్, అన్నీ.

"తెలుసే" అన్నాడు.

"ఏం తెలుసు?"

"లెన్సు నోరు ఎంత పెట్టాలో ఆయన చెబితే తిప్పేది నేనే కదా. ఆయన మూయమన్న రెండో రోజే తెలిసింది, ఎవరికోసమో."

"మరి ఆయనకే చూపు తగ్గిందని నా దగ్గర జాలిపడ్డారేం?"

"ఇంకేం చెప్పమంటావు నీకు?"

ఇప్పుడు నిజంగానే తిట్టబోయాను. అంతా తెలిసిన మనిషి డాక్టరు దగ్గరికి పోకుండా ఆ పాత బండిని పట్టుకుని రహమత్ నగర్ చుట్టూ ఎందుకు తిరిగినట్టు అని అడిగాను. ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు, కొత్త కళ్ళు కదా, చాలా జాగ్రత్తగా.

"సెట్లో ఆయన లైటు పెంచుతుంటే నా పని నడిచిపోతోంది కదే. నువ్వు వెనకెక్కి కూర్చుంటావు. రోడ్డు మీద పెంచడానికి ఆయన రారు కదా. నీకోసం నేనే పెంచుదామనుకున్నాను" అన్నాడు.

నాకు కోపం రావాలి. ఎంత వెతుక్కున్నా రాలేదు. ఆయన పక్కన మెట్టు మీద కూర్చుని నేనూ ఏడ్చాను.